కొలిచి చూసిన దూరం

"మోచెయ్యి కాస్త మీ హద్దులో పెట్టుకుంటారా?" అంది టైలరమ్మ, పక్క సీటు బట్టతలాయనతో.

"సరిహద్దు రాయి ఎక్కడా కనబడలేదమ్మా," అంటూ ఆయన నవ్వి చెయ్యి తీసేశాడు.

విమానం ఎక్కి గంట కాలేదు, అప్పుడే పేచీ. ఇంకా పదమూడు గంటలు ఈయన పక్కనే. ఎదుటి తెర మీద బొమ్మ విమానం దారి తప్పిన చీమలా పాకుతోంది.

"ఇంత దూరం పిల్లనిస్తే, దానికి తలనొప్పొచ్చిందని నేను బయల్దేరి చేరేసరికి ఆ తలనొప్పి మనవళ్ళకొస్తుంది!" పైకే అనేసింది.

"పెళ్ళి సంబంధమా?"

"మా అమ్మాయి ఇష్టపడింది. అబ్బాయి బుద్ధిమంతుడే. దూరమే నాకు గిట్టదు. ఫోటోలు కూడా చూడనన్నాను. 'ఒక్కసారి వాళ్ళింటికెళ్ళి రా అమ్మా, ఆ తర్వాత నువ్వు వద్దంటే వద్దు' అని మాట తీసుకుంది. వెళ్తాను, వద్దంటాను, వచ్చేస్తాను."

"వద్దని చెప్పడానికి ఇంత దూరమా?"

"ఫోన్లో చెప్తే మర్యాదగా ఉంటుందా? అదీకాక ఆ అబ్బాయి తండ్రి, 'దూరమేముంది, ఎక్కితే దిగడమే' అన్నాడట. కుర్చీలో కూర్చుని ఎన్నయినా అంటారు. ఎక్కి చూస్తే తెలిసేది పెద్దమనిషికి!"

"నిజమే. ఎక్కి చూడాలి," అన్నాడు బట్టతలాయన.

"మా ఊరు పని మీద వచ్చారా? ఎలా ఉంది?"

"చూడలేదమ్మా. దిగాను, కాఫీ తాగాను, మళ్ళీ ఎక్కాను."

ఈయనకి కాస్త తిక్కలా ఉందనుకుంది.

"నువ్వేం చేస్తుంటావమ్మా?"

"బట్టలు కుడతాను."

"కొలవకుండా గుడ్డ కత్తిరిస్తావా?"

"ఇంకేమైనా ఉందా! దుకాణం మూసుకోవాల్సిందే."

"నాదీ అలాంటి పనే అనుకో."

సగం దారిలో ఆమె పాదాలు దిండ్లలా ఉబ్బాయి. చెప్పుల్లో దూరనంటున్నాయి. ఆయన తన వదులు చెప్పులు విప్పి ముందుకు తోశాడు.

"వేసుకో చెల్లెమ్మా. నావి వచ్చేటప్పుడే వాచాయి. ఇక వాచడానికేం మిగల్లేదు."

ఆకుపచ్చ పట్టీల పాత చెప్పులు. ప్రాణం లేచొచ్చింది.

ఆ తర్వాత ఆయన చెప్పిన కబుర్లకి ఆమె నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. చీమ ఎప్పుడు గమ్యం చేరిందో చూసుకోనేలేదు.

దిగాక సామాను కోసం అటు తిరిగి ఇటు చూసేసరికి ఆయన లేడు. పెట్టె లేని మనిషి, మేజోళ్ళతోనే చక్కాపోయాడు. పేరైనా అడగలేదే! మోచేతి కోసం తగువాడినందుకు సిగ్గేసింది.

వద్దని చెప్పబోతూ వాళ్ళు పంపుతామన్న కారెక్కడం బాగోదని, టాక్సీలో వెళ్ళి తలుపు తట్టింది.

అబ్బాయి తల్లి ఎదురొచ్చింది. "రండి వదినగారూ!" అంటూనే ఆమె కాళ్ళ వంక చూసి ఆగిపోయింది. "ఈ చెప్పులు..."

"విమానంలో ఒక మహానుభావుడిచ్చాడమ్మా. అలాంటి మనిషి వియ్యంకుడైతే ఎంత దూరమైనా కళ్ళు మూసుకుని పిల్లనిచ్చేదాన్ని, ఒట్టు!"

అబ్బాయి తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తప్పుకుంది.

లోపల వేడినీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న బట్టతలాయన తలెత్తి, "నువ్వన్నది నిజమే చెల్లెమ్మా, మరీ దూరం, అందుకే ఇకమీదట నువ్వొకసారి వస్తే, పిల్లని తీసుకుని మేం రెండుసార్లు వస్తాం," అన్నాడు.