ముప్పై ఒకటో ఇల్లు

"ఆ లడ్డూల గంప నా కండ్ల ముంగట పెట్టకే అవ్వా" అన్నాడు ఆకాశ్.

"మరి యాడ పెట్టాలె? నెత్తి మీద పెట్టుకోనా?" అంది తల్లి లీలాబాయి. "పది కిలోలు చెప్పింది నువ్వే. ఓటు చీటీలు లెక్కవెట్టక ముందే చెప్పుమన్నరా ఎవరన్న?"

"కుక్కలకెయ్యి."

"తినే తిండి. చీమలు పట్టకుంట నీళ్ల పళ్లెంల పెట్టిన. ఆడనే ఉంటది."

రెండు రోజులుగా ఇదే గొడవ. ఆకాశ్ భార్య రచన ఎవరి వైపూ మాట్లాడకుండా బియ్యం కడుగుతోంది. వసారాలో తండ్రి సీతారాంరావు గంట నుంచీ పేపరు చదువుతున్నాడు. పుట మాత్రం తిప్పలేదు.

మెట్‌పల్లిలో వాళ్ల కాలనీకి అరవై ఒక్క ఇండ్లు. ఇంటికో ఓటు. ఇంటిపెద్ద వెయ్యాలి. ఇన్నేళ్లూ కాలనీ సంఘం అధ్యక్షుణ్ణి చేతులెత్తి ఎన్నుకునేవారు. ఈసారి చీటీల పద్ధతి పెట్టించింది ఆకాశే. మొహమాటం లేకుండా ఎవరికి నచ్చినవాళ్లకు వాళ్లు వేసుకుంటారన్నాడు. తండ్రిని నిలబెట్టిందీ అతనే.

లెక్చరరుగా రిటైరైన సీతారాంరావు ప్రచారానికి ఒక్క గడపా తొక్కలేదు. "నాకెయ్యున్రి అని నా నోటితోని నేనెట్ల అడుగుత?" అని కూర్చుంటే కొడుకే తిరిగాడు. ముప్పై ఒక్క ఇండ్లు తమవేనని తేలాక లడ్డూలు చెప్పాడు.

పెట్టె విప్పితే సీతారాంరావుకు ముప్పై వచ్చాయి. పోటీగా నిలబడ్డ రామచంద్రానికి ముప్పై ఒకటి.

కొత్త అధ్యక్షుడి మెడలో దండ పడింది. చాయ్ హోటల్లో అందరికీ అదే ముచ్చట.

"రామచంద్రం అచ్చిండు కద, ఇగ మురికి మోరీలల్ల పన్నీరు పారుతది."

"చేతులెత్తుడే మంచిగుండె. ఎవడెటో మొకం మీదనే తెలుస్తుండె."

"సారును సొంత మనిషే ముంచిండట."

ఆ చివరి మాట ఆకాశ్‌కు నిద్ర లేకుండా చేసింది. తమవనుకున్న ఇండ్ల పేర్ల కాగితం పట్టుకుని మళ్లీ బయల్దేరాడు. తమ ఇల్లు పోగా ముప్పై గడపలు. ఇరవై తొమ్మిది ఇండ్లవాళ్లు వేములవాడ రాజన్న మీద ఒట్టేసి సారుకే వేశామన్నారు.

మిగిలింది అబ్బాస్.

అబ్బాస్ ఇల్లు వెనక వీధిలో. టైలరింగ్ మాత్రం పద్దెనిమిదేళ్లుగా సీతారాంరావు ఇంటి ముందు మడిగెలోనే, ఆయనదే ఆ కొట్టు గది. సీతారాంరావు కాలేజీకి వేసుకెళ్లిన చొక్కాలన్నీ అతను కుట్టినవే. రంజాన్ పండుగకు ఇంకా నలభై రోజులుంది. గోడ పొడుగునా కొలతల చీటీలు గుచ్చిన బట్టలు వేలాడుతున్నాయి.

"కురాన్ మీద చెయ్యేసి చెప్పు, అబ్బాస్ భాయ్" అన్నాడు ఆకాశ్.

అబ్బాస్ మిషిన్ ఆపాడు. "ఒక్క చీటీ కోసం కురాన్ ముట్టుకోను బాబూ. సారుకే వేసిన. నా జబాన్ చాలదా?"

"ఓట్ల నాడు రామచంద్రంతోని చాయ్ తాగితివి."

"ఆయన ప్యాంట్లు గూడ నేనే కుడుత. చాయ్ పోస్తే వద్దంటనా? చీటీలేస్తే ఎవ్వరికీ చెప్పే పని లేదంటివి. గిప్పుడు నువ్వే ఇల్లిల్లు తిరిగి అడుగుతున్నవు."

"వెయ్యనోడే గిట్ల మాట్లాడుతడు. అందరు ఒట్టేసిన్రు, నువ్వొక్కనివే ఎయ్యలే. ఐతారం దాక టైమిస్తున్న. మడిగె ఖాళీ చెయ్."

గడప దగ్గర బొత్తాలు కుడుతున్న ఖుద్సియా తలెత్తి భర్త వైపు చూసింది. "పండుగ ముంగట యాడికి పోతం?" అంది మెల్లగా.

అబ్బాస్ మళ్లీ మిషిన్ ముందుకు వంగాడు. సూదిలో దారం ఎక్కించబోయాడు. రెండుసార్లు తప్పింది.

ఆదివారం మధ్యాహ్నం నలుగురూ అన్నానికి కూర్చున్నారు. తెరిచిన కిటికీలోంచి మడిగె కనిపిస్తోంది. అబ్బాస్, ఖుద్సియా కలిసి కుట్టుమిషిన్‌ను మెట్ల మీదుగా దింపుతున్నారు. కింద ట్రాలీ ఆటో ఆగి ఉంది.

సీతారాంరావు చేతిలో ముద్ద ఆగిపోయింది. "అబ్బాస్ మిషిన్ ఎందుకు దించుతుండు?"

"ఖాళీ చేస్తుండు. నేనే చెప్పిన" అన్నాడు ఆకాశ్.

"నన్నడగకుంటనే?"

"నిన్నడిగితే ఒద్దంటవు బాపూ. మనింటి నీడన బతుక్కుంట మనకే ఎసరు పెట్టిండు."

"పద్దెనిమిదేండ్ల మనిషిరా" అంది లీలాబాయి. "జర ఆలోచించు. ఒక్క చీటీకి గంత కోపమా?"

"నువ్వెందుకవ్వా పరేషానైతవ్? ముప్పై మందిల ఇరవై తొమ్మిది పోతే ఎవడు మిగిలిండు? గీ లెక్క నీకు తెల్వదా?"

రచన పప్పు గిన్నె కింద పెట్టింది. బయట మిషిన్ మెట్టుకు తగిలిన చప్పుడైంది.

సీతారాంరావు ముద్దను మళ్లీ కంచంలో పెట్టేశాడు.

"ఆకాశ్, లే. ఆ మిషిన్ యాడిదాడ పెట్టి రా. ఇద్దర్ని మాఫీ అడుగు. వాళ్లున్నన్ని రోజులు గా మడిగె వాళ్లదే."

"ఓటెయ్యనోన్ని నేను మాఫీ అడగాల్నా?"

"వేసిండు."

"నీకెట్ల తెలుసు?"

సీతారాంరావు కంచంలోంచి తలెత్తలేదు. "నా పేరు ముంగట నేనే టిక్కు కొట్టుకునుడు మర్యాద కాదని, నా చీటీ రామచంద్రానికేసిన."