ఫిట్టరు గడ్డం

ఫిట్టరు లోపలికి రాగానే సెలూన్‌లో మాటలు ఆగిపోయాయి. బల్ల మీద కూర్చున్నవాళ్లు లేచి గోడవారకు జరిగారు. ఖాళీ అయిన బల్ల మీద అతనొక్కడే కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, అద్దంలోకి చూడసాగాడు.

అద్దంలో కనబడేది సెలూన్ బాబాయి ముఖం. బాబాయి తల ఎత్తలేదు. కుర్చీలో ఉన్న మిల్లు మేస్త్రీకి గడ్డం గీస్తూనే ఉన్నాడు.

మిల్లులో పనిచేసే వాళ్లందరికీ ఆయన బాబాయే. వాళ్ల తలలూ ఆయన చేతిలోనే, వాళ్ల గుట్లూ ఆయన దగ్గరే. ఒకప్పుడు ఆయన కత్తెర కన్నా నోరే జోరుగా ఆడేది. క్షవరం అక్కర్లేకపోయినా చెవుల తుప్పు వదిలించుకుందామని వచ్చి కూర్చునేవాళ్లు ఉండేవారు. అదంతా సమ్మెకు ముందు మాట.

సమ్మె నడిపిన ముగ్గురు కుర్రాళ్లు పిండిమర అటక మీద దాక్కున్నారు. ఆ సంగతి తమవాళ్లకు తప్ప పరాయివాళ్లకు తెలియదు. అయినా ఒక ఆదివారం సాయంత్రం పోలీసులు నేరుగా వచ్చి అటక ఎక్కారు. ఇద్దరు జైలుపాలయ్యారు. మూడోవాడు, ఈ మేస్త్రీ తమ్ముడు, శవమై తిరిగొచ్చాడు. సమ్మె నీరుగారిపోయింది.

మిల్లువాళ్లు తమలో తాము ఎంత కొట్టుకున్నా ఒక్క కట్టుబాటు మాత్రం దాటరు. తమ మాట మేనేజరు చెవిన వేయరు. వేసినవాడు తమలోవాడు కాడు. వాడితో మాట లేదు, వాడికి మంచినీళ్లు లేవు.

చెప్పిందెవరో తేల్చడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ ఆదివారం పొద్దున ఫిట్టరు మేనేజరు బంగళాలోంచి రావడం చూసినవాళ్లు ఉన్నారు.

"పంపు పాడైందన్నారు. బంగళాలో పసిపాపకు నీళ్లు కూడా లేవంటే మనసొప్పక వెళ్లాను" అన్నాడు ఫిట్టరు.

"మరి చెప్పిందెవడు?" మేస్త్రీ అతని చొక్కా పట్టుకున్నాడు.

ఫిట్టరు చుట్టూ ఉన్న ముఖాలన్నీ ఒకసారి చూసి తల దించుకున్నాడు. "మాటలు మోసే అలవాటు నాకు లేదన్నా. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు."

ఇంకేం కావాలి? దొరికిపోయి నీళ్లు నములుతున్నాడన్నారు.

ఆ రోజే వెలి పడింది. కుళాయి దగ్గర ఫిట్టరు భార్య బిందె పెడితే మిగతా ఆడవాళ్లు తమ బిందెలు తీసుకుని పక్కకు పోయేవారు. కొట్టువాడు ఆమెను చూడగానే సరుకు అయిపోయిందనేవాడు. చివరికి ఆమె కూతుర్ని చంకనేసుకుని పుట్టింటికి బయలుదేరింది. పోతూ పోతూ సెలూన్ మెట్ల దగ్గర ఆగింది.

"బాబాయ్, నువ్వు చెబితే అందరూ వింటారు. ఆయన అలాంటివాడు కాదని ఒక్క మాట చెప్పు."

బాబాయి కత్తి నూరుకుంటూ ఉండిపోయాడు.

అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు. మేనేజరు గడ్డం ఇక ముట్టనని కూడా కబురు పంపాడు కదా. అంత వాగుడుకాయా నోరు కట్టేసుకున్నాడంటే, చచ్చిపోయిన కుర్రాడి మీద ఎంత ప్రేమో అనుకున్నారు. నిజానికి ఆ కుర్రాడికి నూనూగు మీసాల నాడు మొదటిసారి కత్తి పెట్టింది ఆయనే.

ఫిట్టరు మాత్రం ఆదివారం వస్తే చాలు, ఈ బల్ల మీద తయారు. వెనక వీధిలో ఇంకో సెలూన్ ఉంది. అక్కడికి పోడు. ఇక్కడే కూర్చుంటాడు, అద్దంలోకి చూస్తాడు, తలుపులు వేసే వేళకు లేచి పోతాడు. అతని గడ్డం పెరిగి పెరిగి గుండెల మీదికి దిగింది.

"సిగ్గులేని జన్మ" అన్నాడు మేస్త్రీ, కుర్చీలోంచి లేచి చెంపలు తడుముకుంటూ.

ఈసారి ఫిట్టరు కూడా లేచాడు. నడిచి వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఎవరూ ఊహించలేదు.

"ఈ ఒక్కసారికి గీసెయ్యి బాబాయ్. రేపు మా పిల్లను చూడటానికి వెళ్తున్నాను. ఈ అవతారంలో చూస్తే జడుసుకుంటుంది."

బాబాయి గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు.

"బాబాయ్, వాడి మీద చెయ్యి వేశావంటే మళ్లీ నీ గడప తొక్కం" అన్నాడు మేస్త్రీ. గోడవార ఉన్నవాళ్లు తలలూపారు.

బాబాయికి ఏడుపొచ్చినంత పనైంది. ఆ గడ్డం కింద ఎముకలు తేలిన ముఖం ఆయనకు తెలుసు. అయినా గుడ్డ దులిపి, మడిచి, కుర్చీ వీపు మీద వేశాడు.

"లే" అన్నాడు.

ఫిట్టరు ఇంకాసేపు అద్దంలోకి చూశాడు. "సరే బాబాయ్. ఇక విసిగించను" అని లేచి వెళ్లిపోయాడు.

చీకటి పడకముందే కబురొచ్చింది. మిల్లు వెనక రైలు పట్టాల మీద శవం. గడ్డం చూసి గుర్తుపట్టారట.

"పీడ విరగడైంది" అన్నాడు మేస్త్రీ. కానీ గొంతులో మునుపటి ఊపు లేదు. బాబాయి భుజం తట్టాడు. "నువ్వు గట్టివాడివి బాబాయ్. నీ చోట మేముంటే కరిగిపోయేవాళ్లం."

అందరూ వెళ్లాక బాబాయి నేల మీది వెంట్రుకలు ఊడ్చాడు. కత్తి కడిగి పెట్టాడు. దీపం ఆర్పబోతూ, ఎన్నాళ్లకో ధైర్యం చేసి అద్దంలోకి చూశాడు. బల్ల ఖాళీగా ఉంది.

ఆ ఆదివారం పొద్దున బంగళా వరండాలో మేనేజరు చెంపలకు నురగ పూస్తూ, నోరు ఊరుకోక పిండిమర అటక సంగతి తను వాగుతున్నప్పుడు, పక్కనే పంపు బిగిస్తూ తల ఎత్తి తనవైపు చూసింది ఆ ఫిట్టరు ఒక్కడే.