ఏడువందల యాభై ఎంబీ

"దయ్యానికి ఫోన్ లాక్ తీసుడు వస్తదా చెల్లె?"

నూరీన్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. వికారాబాద్ బస్టాండు ఎదుట ఉన్న ఆ రిపేరు షాపుకు పగిలిన తెరలు వస్తాయి, నీళ్లలో పడ్డ ఫోన్లు వస్తాయి. ఇలాంటి కంప్లయింటు మాత్రం ఇదే మొదటిది.

"ఎవరి ఫోనక్కా ఇది?"

"మా ఆయనది. పోయి ఇరవై రెండు దినాలైంది."

వచ్చినామె పేరు దేవిక, ఊరు తాండూరు. భర్త మహిధర్ అక్కడ బండల పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసేవాడు. ఆయన ఫోన్ ఆయన మొఖం చూస్తేనే తెరుచుకుంటుంది. లాక్ నంబరు ఎవరికీ చెప్పలేదు. పదకొండో రోజు అయ్యాక దేవిక దాన్ని ఆయన పటం ముందు, దీపం పక్కన నిలబెట్టింది. ఛార్జింగు తీయలేదు.

"రోజు పగటీలి ఒంటిగంటకు తెరుచుకుంటుంది. ఆయన బువ్వకొచ్చే యాళ్ల."

"నువ్వు కండ్లార చూసినవా?"

"సప్పుడు విన్న. తెరుచుకుంటే టక్కుమంటది. గా యాళ్లకు నేను ముందరి అర్రల కూసోలేను చెల్లె, ఎనక వాకిట్ల ఉంట. సప్పుడు ఇని ఉరికొస్తే లాక్ తీసి, వెలుగుతుంటది. నేను ముట్టేలోపల ఆరిపోతది."

నూరీన్ ఫోన్‌ను దేవిక మొఖానికి చూపించింది. తెరుచుకోలేదు. తన మొఖానికి చూపించింది. ఊహూఁ.

"తాండూరుల షాపులు లేవా అక్కా, గింత దూరం వచ్చినవ్?"

"ఆడ చెప్తే పొద్దూకేలోపల ఊరంత తెలుస్తది. మా అన్న ఇప్పటికే ఇల్లు ఇడిసిపెట్టి మా తల్లిగారి ఊరు దోమకు రమ్మని పానం తీస్తుండు."

"ఫార్మాట్ కొట్టమంటవా? దయ్యం పోతది. ఫొటోలు, మెసేజులు గూడ పోతయ్."

"ఒద్దు!" దేవిక ఫోన్ లాక్కుంది. "ఆయన గొంతు దీంట్లనే ఉంది. ఇంకేడ లేదు."

నూరీన్ స్టూలు జరిపి ఆమెను కూర్చోబెట్టింది. డిగ్రీలో బయాలజీ చదివి మేనమామ షాపులో టంకం వేస్తున్న పిల్ల. చదివినది ఎవరికైనా చెప్పకపోతే నిద్ర పట్టదు.

"పరేషాన్ గాకు. ఫోన్‌కు మనిషి తెల్వదు, కొలతలు తెలుస్తయ్. కండ్ల నడుమ దూరం, ముక్కు ఎత్తు. రక్తసంబంధం ఉంటే ఒక్కోసారి మోసపోతది. మా మామ ఫోన్ ఆయన కొడుకు సల్మాన్ బావ తెరిచి ఎన్నిసార్లు దెబ్బలు తిన్నడో!"

"గట్లెట్ల?"

"మొఖం గూడ డేటానే అక్కా. ఒక్క మగ బీజంల ఎంత డేటా ఉంటదో ఎరికేనా? ఏడువందల యాభై ఎంబీ! కంటికే ఆనదు. కేబుల్ లేదు, సిగ్నల్ లేదు. ఒక్క దెబ్బకు ఇరవై కోట్ల కాపీలు పంపుతది. ఒకటి డౌన్‌లోడ్ అయితది, మిగిలినయన్ని డిలీట్. గింత వేస్ట్ చేసే కంపెనీ ఎక్కడన్న ఉంటదా?"

ఇరవై రెండు రోజుల తర్వాత దేవికకు మొదటిసారి నవ్వొచ్చింది. వచ్చినందుకు భయపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరి మీకు పిల్లలెందరు?"

నవ్వు పోయింది.

"కాలేదు. ఇరవై ఏండ్లు నన్నే గొడ్రాలన్నరు. పరీక్షకు పోదామంటే వచ్చేటోడు కాదు. 'నాల ఏం లోపం లేదు, నాకు తెలుసు' అనేటోడు."

"అన్నదమ్ములు?"

"ఒక్కడే."

నూరీన్ గొంతు తగ్గింది. "అయితే ఆయన డేటా ఆయనతోనే పోయింది అక్కా."

"మరి తెరుస్తున్నదెవరు?"

నూరీన్ దేవిక చేతిలోని ఫోన్ వైపు ఒకసారి చూసి, కాస్త దూరం జరిగింది.

"రేపు ఎనక్కి పోకు. తలుపు చాటున నిలబడి చూడు. ఆయనే అయితే... ఏం కావాల్నో అడుగు."

* * *

మరునాడు ఒంటిగంటకు తాండూరులో బండకోత మిషన్లు ఒక్కసారిగా ఆగాయి. దేవిక తలుపు కర్టెన్ గట్టిగా పట్టుకుంది. సందులోంచి పటం కనిపిస్తోంది. దాని కింద నల్లటి తెర.

వాకిట్లో గొళ్లెం కదిలింది.

చెప్పులు విడిచిన చప్పుడు. ఆయనా ఇలాగే, లోపలికొచ్చే ముందు ఒక క్షణం గడప దగ్గర ఆగేవాడు. అడుగులు గదిలోకి వచ్చాయి. దేవిక కళ్లు గట్టిగా మూసుకుంది.

గిన్నె నేల మీద పెట్టిన చప్పుడైంది.

కళ్లు తెరిచింది. సింధుజ. పక్కింటి మొగులమ్మ కూతురు, ఇంటర్ చదువుతోంది. నెల మాసికం అయ్యేదాకా నువ్వు పొయ్యి ముట్టియ్యకు అని మొగులమ్మే రోజూ అన్నం పంపుతోంది. పాపం, చావు రోజు నుంచి తను మాత్రం ఈ గడప తొక్కలేదు. ఆ పటం చూడలేనంటుంది.

దేవికకు ఊపిరొచ్చింది. పిల్ల వెళ్లాక కదా ఆయన వచ్చేది! ఇంకా కర్టెన్ వెనకే నిలబడింది.

సింధుజ చున్నీ సర్దుకుని పటం ముందు మోకరిల్లింది. చేతులు జోడించి, దీపం దాకా తల వంచింది.

టక్.

తెర వెలుగు పిల్ల మొఖం మీద పడింది. ఆ కనుబొమలు, ఆ ముక్కు. సరిగ్గా పైన, పటంలో, అవే కనుబొమలు, అదే ముక్కు.

కర్టెన్ కడ్డీతో సహా ఊడి దేవిక చేతికొచ్చింది. సింధుజ ఉలిక్కిపడి లేచి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నేను ముట్టలేదు పెద్దమ్మా, ఒట్టు! రోజు గిట్లనే అయితే బుగులుకు ఉరికిపోత... నేను వంగి మొక్కంగనే అదే తెరుచుకుంటది."