రన్‌వే మీద మిరపకాయలు

మా చేను పక్కనున్న రన్‌వే మీద మిరపకాయలు ఆరబోసి, నడుమ కూర్చున్నాను.

"కాయలెత్తు తాతా," అంది పైలట్ అయిన నా మనవరాలు సిద్దికా. "విమానానికి సర్వీసు గడువు దాటింది. హైదరాబాదు షెడ్డుదాకా ఒక్కసారి ఎగరడానికి పర్మిషన్ ఇచ్చారు."

"నన్నెక్కించుకుంటే ఎత్తుతా. నా మనవరాలు విమానం తోలుతుందని ఊరందరికీ గొప్పగా చెప్పుకున్నా. ఒక్కసారన్నా ఎక్కించావా?"

"ఈసారి పైలట్ తప్ప ఎవరూ ఎక్కకూడదు. అది రూలు."

"ఏం, మెకానిక్కు చూళ్ళేదా?"

"చూశాడు. ఇంతదూరానికి ఫర్లేదన్నాడు."

"మరి నేనెక్కితే ఏంటంట?"

"ఏదన్నా జరిగితే ఒక్క ప్రాణంతో పోతుందనేమో," అని నవ్వింది.

నాకు ఒళ్ళు మండింది. పక్కనున్న ఇంకో బస్తా విప్పి రన్‌వే మీద కుమ్మరించాను.

"ఆ రూలు రాసినోణ్ణి రమ్మనవే. వాడొక్కడే తోలుకుపోతానంటే, కాయలు నేనే ఎత్తుతా."