మేష్టారి గొంతు

తెల్లారేసరికి మెథోడియ్ మేష్టారి గొంతు పోయింది.

బస్సు ఆస్ట్రియా దాటి బవేరియాలోకి దిగుతోంది. ఆయన లేచి కూర్చుని, అలవాటు ప్రకారం పొద్దుటి ప్రార్థన ఎత్తుకోబోయారు. తుప్పు పట్టిన తలుపు తీసినట్టు ఓ చప్పుడొచ్చి ఆగిపోయింది. పాటల బృందంలోని ఇరవయ్యెనిమిది మందీ వెనక్కి తిరిగి చూశారు. తమ ఊరు కొలొమియాలో బయల్దేరాక బస్సులో అంత నిశ్శబ్దం అదే మొదటిసారి.

అందరికన్నా ముందు జెనోవియా లేచింది. ముప్ఫయ్యొక్కేళ్ళు నర్సుగా చేసిన మనిషి. ఆయన గడ్డం పట్టుకుని నోరు తెరిపించి, టార్చి వేసి చూసి, పెదవి విరిచింది.

"మాట్లాడకండి మేష్టారూ. ఒక్క ముక్క కూడా వద్దు."

ఆయనకి డెబ్భయ్యారేళ్ళు. ఈ బృందాన్ని పెట్టింది ఆయనే. ఇందులో సగం మందికి అక్షరాలూ స్వరాలూ నేర్పింది ఆయనే. ఇప్పటికీ ఆయన అందుకున్నారంటే పక్కవాళ్ళ పాట ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. మొన్న స్లొవాకియాలో మొదటి కచేరీ జరిగింది. అక్కడి ఫాదరు పాట సగంలోనే లేచొచ్చి, కళ్ళనీళ్ళతో మేష్టారి రెండు చేతులూ పట్టుకున్నారు. ఇలాంటి గానం తన చర్చిలో ఎన్నడూ వినలేదన్నారు. ఆ రాత్రి మేష్టారు గొంతు కాస్త పొడిబారిందన్నారు. అంతే, జెనోవియా నిన్నటినుంచీ కషాయం మొదలుపెట్టింది.

ఇవాళ్టి కచేరీ మామూలుది కాదు. బవేరియాలో ఏటా పెద్ద సంగీతోత్సవం జరిపేవాళ్ళు వినడానికి వస్తున్నారు. వాళ్ళకి నచ్చితే వచ్చే ఏడు ఆహ్వానం వస్తుంది. నచ్చకపోతే ఊళ్ళో అందరూ యారీనాని ఆడిపోసుకుంటారు. యారీనా జెనోవియా అక్క కూతురు. మేష్టారు నాలుగు నెలల కిందట తన చేత్తో బృందాన్ని ఆ పిల్లకి అప్పగించి, తను వెనక వరసలో నిలబడి పాడుతున్నారు.

బస్సులో తలా ఓ వైద్యం చెప్పారు. ఫ్రోసీనా తన పెరటి తేనె తీసింది. లెవ్‌కో వేడిపాలల్లో వెన్న కలిపి తెస్తానన్నాడు. జెనోవియా ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. తేనె సీసా లాక్కుని తన సంచిలో పడేసుకుంది.

"ఒక గొంతుకి రెండు వైద్యాలు పనికిరావు. నర్సుని నేనా, మీరా?"

అరగంటకోసారి ఫ్లాస్కులోంచి కషాయం పోసి ఇచ్చింది. మిరపకాయలు ఊరేసిన హొరీల్కా సారా, ముక్కు పగిలే హ్రీన్ దుంప రసం, వెనిగరు, వెల్లుల్లి. ఇంకా ఏమేం వేసిందో ఆవిడకే తెలియాలి. మూత తీస్తే ముందు సీట్లోని డ్రైవరు కూడా తుమ్మాడు. మేష్టారు మాత్రం కిమ్మనకుండా తాగారు. తాగినప్పుడల్లా చెవులు ఎర్రబడేవి, మీసాలు వణికేవి. ఓసారి కాగితమ్ముక్క మీద ఇలా రాసి ఇచ్చారు: "కన్నకూతురు కూడా ఇంత చెయ్యదు తల్లీ."

జెనోవియా కిటికీ వైపు తిరిగి తలగుడ్డ కొసతో కళ్ళొత్తుకుంది.

మధ్యాహ్నం బస్సు ఆగినచోట యారీనా వచ్చి పక్కన నిలబడింది. నిద్రలేక మొహం పీక్కుపోయింది.

"సాయంత్రానికి ఎలా ఉంటుందంటావు పిన్నీ?"

"ఇప్పుడే ఏం చెప్తాం. నువ్వు పోయి రెండు ముద్దలు తిను."

నాలుగింటికి, ఎవరూ అనుకోకుండా, మేష్టారి గొంతు పెగిలింది. "ఆ" అంటూ ఓ పెద్ద స్వరం వచ్చి అద్దాలు గజగజలాడాయి. జెనోవియా చేతిలోని కప్పు జారి కింద పడింది. గబగబా ఇంకో కప్పు నింపి, అది తాగించి, వెంటనే మరొకటి తాగించింది. అంత చేసినా అయిదింటికి మళ్ళీ ఏమీ లేదు. మేష్టారు పసిపిల్లాడిలా ఏడ్చారు. ఆవిడ పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకుని, ఇవాళ్టికి దేవుడు వద్దన్నాడనుకోమని ఊరడించింది. తనే నడిపించుకెళ్ళి మొదటి వరసలో శ్రోతల మధ్య కూర్చోబెట్టింది.

కచేరీ అయింది. ముందు ఆరాధన కీర్తనలు, తరవాత కోతల పాటలు, పెళ్ళిపాటలు. చివరి పాట ఆగాక చాలాసేపు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టడం మొదలుపెట్టాక ఆపలేదు. ఉత్సవం వాళ్ళు వచ్చి యారీనాతో చేతులు కలిపారు. ఎల్లుండి ఆదివారం పక్క ఊరి కచేరీకి తమ అధ్యక్షుణ్ణి తీసుకొస్తామని, ఆయన ఊ అంటే ఆహ్వానం ఖాయమని చెప్పారు.

మేష్టారు మొహం వెలిగిపోతోంది. కాగితం మీద పెద్దక్షరాలతో రాసి అందరికీ చూపించారు: "నేను లేకుండానే ఇంత బాగుందంటే, ఆదివారం నేనూ పాడితే ఎలా ఉంటుందో చూసుకోండి." యారీనా రెండుసార్లు చదివింది.

శ్రోతల్లో తమ దేశంలోని తెర్నోపిల్ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన డాక్టరొకాయన ఉన్నారు. సంగతి విని, వెనకగదిలో మేష్టారి గొంతు చూశారు. ఫ్లాస్కు మూత తీసి వాసన చూసి, కాసేపు గోడ పట్టుకుని నిలబడ్డారు.

"జబ్బేం లేదండీ. ఈ కషాయం పారబోసి రోజూ కాస్త తేనె నాకండి, చాలు. ఎల్లుండికి గంట కొట్టినట్టు పాడతారు."

మేష్టారు ఆయన్ని కావలించుకుని రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకున్నారు.

జెనోవియా డాక్టరుగారిని సాగనంపడానికి గుమ్మం దాకా వెళ్ళింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"పారబోయకుండా తాగిస్తూనే ఉన్నాననుకోండి, ఆదివారం రాత్రి దాకా ఆయన గొంతు ఇలాగే ఉంటుందంటారా?"