చక్రాల పీటలు

కారు పనికి వచ్చిన మాలకొండయ్య సంచిని కరుణాకుమారే సర్దేసింది.

ఉలి, సుత్తి, కొలతతాడు, లుంగీ, తువ్వాలు. అడుగున మడత నలగని గళ్ల చొక్కా ఒకటి ఉంది. ముసలాయనకు పట్టే చొక్కా కాదు.

ఆమె గబుక్కున బయటికి లాగింది. విప్పి చూసింది. కొడుకు జడ్సన్‌ది కాదు. మళ్లీ సంచిలో కుక్కింది.

"పొద్దున్నే ఏంది కరుణా ఈ గొడవ?" అంటూ భర్త హెబ్రోను షెడ్డులోకి వచ్చాడు.

"కారు కింద చూడండి."

హెబ్రోను వంగి చూశాడు. ముందు కుడివైపు, కారును మోసే చెక్కపీట పక్కన అరిటాకు. దాని మీద అన్నం, చేపల పులుసు. పీటకు పసుపు పూసి ఉంది. కర్పూరం వెలిగించిన మసి ఇంకా వెచ్చగానే ఉంది.

"ఈ పొద్దు బిడ్డ జ్ఞాపకార్థ కూడిక. సంఘమంతా వచ్చి కూర్చునే చోట చేతబడి చేసినాడు," అంది ఆమె.

ఆ పాత ఫియట్ వాళ్ల ఒక్కగానొక్క కొడుకు జడ్సన్ కొన్నది. అంతా విప్పి, మళ్లీ తానే బిగించి నడపాలని వాడి కోరిక. నాలుగు చక్రాలూ ఊడదీసి ఇటుకల మీద నిలబెట్టాడు. ఆ వారమే స్నేహితులతో సముద్రానికి వెళ్లాడు. శవమై వచ్చాడు.

మూడేళ్లుగా కారు అలాగే ఉంది.

మొన్నటి వానలకు రేకులు కారి, ఒక మూల ఇటుకలు కుంగాయి. కారు ఒరిగింది.

"అది కూలిపోతే వాడు మళ్లీ పోయినట్టేనండీ," అని కరుణాకుమారి ఏడ్చింది.

ఆ మర్నాడే మాలకొండయ్య గేటు దగ్గర నిలబడ్డాడు. పులికాట్ వైపు పడవలు చేసే మనిషినన్నాడు. పనేమైనా ఉందా అన్నాడు. హెబ్రోను కారు చూపించాడు.

"ఇసకలో పడవని దుంగల మీద జరుపుతాం సార్. దీనికి చక్రాల పీటలు కడితే చాలు. ఒక్క చేత్తో తోసుకోవచ్చు."

"పడవలాయన చేతిలో పెడితే నా కారు నీళ్లలో తేలేట్టుందే!"

"తేలినా తేలతాది సార్. మునగదు."

హెబ్రోను నవ్వాడు. మాలకొండయ్య నవ్వలేదు.

రెండు రోజుల తరవాత ఊరి నుంచి ఆటోలో చెక్కలు తెచ్చాడు. మందమైన చెక్కలు. నీలంరంగు పెచ్చులూడి ఉంది.

"ఇంత మంచి చెక్క ఎక్కడిది పెద్దాయనా?"

"మా ఇంటిదే సార్. ఉప్పునీళ్లు తాగిన చెక్క. పగలదు."

పది రోజులు పని చేశాడు. షెడ్డు వసారాలోనే పడుకున్నాడు. అన్నానికి పిలిస్తే ఇంట్లోకి రాడు. గోడ మీది జడ్సన్ ఫొటో వైపు చూస్తూ గడప బయటే తినేవాడు.

ఒకరోజు అడిగాడు.

"అమ్మా, బాబుకి సమాధి కట్టినారా?"

"కట్టినాం. నీకెందుకు?"

"మంచి పని చేసినారు తల్లీ. పోయి కూర్చోడానికి ఒక చోటంటూ ఉంది మీకు."

అప్పటినుంచి కరుణాకుమారికి అతనంటే భయం. చచ్చిపోయిన బిడ్డ సమాధితో పరాయివాడికేం పని?

నిన్న సాయంత్రం కారును పీటల మీదికి దించారు. హెబ్రోను వంగబోతే మాలకొండయ్య ఆపాడు.

"నువ్వొద్దు సార్. కిందికి నేను పోతా. నాలుగు మూలలూ ఒకేసారి దించితే పక్కకి జారతాది. ఒక మూల తరవాత ఇంకో మూల."

తోశారు. కారు కదిలింది. తడి లేని గోడ పక్కకు మెత్తగా వచ్చి ఆగింది. కరుణాకుమారి బానెట్ మీద చెంప ఆనించి ఏడ్చింది.

తెల్లవారేసరికి ఈ ఆకు.

మాలకొండయ్య కుళాయి దగ్గర తలకు పోసుకుని తడిబట్టలతో వచ్చాడు. తన సంచి ఆమె చేతిలో చూసి ఆగిపోయాడు.

"ఏంది ఇది?"

"ఆకేసినానమ్మా."

"ఎవరికి?"

అతను పీట వైపు చూశాడు.

"ఈ పొద్దే గదమ్మా..." అని మాత్రం అన్నాడు.

"నా బిడ్డ పోయిన రోజు నీకెట్ట తెలుసు? ఎవరు పంపినారు నిన్ను?"

అతను ఇంట్లో జడ్సన్ ఫొటో ఉన్న గోడ వైపు చూశాడు. తల దించుకున్నాడు.

"ఆకు తీసేస్తాలే తల్లీ."

"తాకొద్దు! బయటికి నడువు."

సంచి అందుకున్నాడు. గేటు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగాడు.

"ముందు కుడివైపు పీటకి తడి తగలకుండా చూసుకో సార్."

హైవే వైపు నడిచి వెళ్లిపోయాడు.

కరుణాకుమారి ఆకును చీపురుతో లాగి పారేసింది. బకెట్ నీళ్లు కుమ్మరించింది. పీటకున్న పసుపు మాత్రం పోలేదు. హెబ్రోను గుడ్డ తీసుకుని కారు కిందికి దూరాడు.

పీట లోపలివైపు తెల్లరంగుతో పడవ పేరు రాసి ఉంది.

వినోద్.

హెబ్రోను బయటికి జరిగి ఆ నీళ్లలోనే కూర్చున్నాడు.

"ఏమైందండీ?"

"ఈ పేరు నేను విన్నా కరుణా."

ఆ రోజు ఒడ్డున జడ్సన్‌ను వ్యానులోకి ఎక్కిస్తుంటే, వెనకాల ఎవరో సముద్రం వైపు అరుస్తూనే ఉన్నారు. వినోదూ... వినోదూ... హెబ్రోను తల తిప్పి చూడలేదు. బిడ్డను బయటికి తెచ్చిందెవరని ఆ రోజూ అడగలేదు, ఆ తరవాతా అడగలేదు.

ఇద్దరూ చెప్పులైనా లేకుండా హైవే దాకా పరుగెత్తారు. రెండువైపులా లారీలే పోతున్నాయి. బస్టాపులో ఎవరూ లేరు. ఆయనది ఏ ఊరో కూడా వాళ్లు అడగలేదు.

జడ్సన్‌ను ఒడ్డున పడుకోబెట్టి, రెండో పిల్లవాడి కోసం మళ్లీ నీళ్లలోకి వెళ్లిన మాలకొండయ్య కొడుకు వినోద్, 2022 నవంబరు 6, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటల తరవాత తిరిగి రాలేదు.