టోపీ తియ్యని మేస్త్రీ

ఫ్రాన్సు వాళ్ళు అటు నుంచి, ఇటలీ వాళ్ళు ఇటు నుంచి కొండను తొలుస్తున్నారు. మధ్యలో ఇంకా నూట ఇరవై మీటర్ల రాయి మిగిలింది.

యుద్ధంలో ఒకరినొకరు కాల్చుకున్న దేశాలు. అది ముగిసి పదిహేనేళ్ళే అయింది. ఈ సొరంగంతో పాత పగలు పోతాయని రెండు వైపులా మంత్రులు ఉపన్యాసాలిస్తున్నారు.

ఇటలీ వైపు మేస్త్రీ బత్తిస్తాకు అవేమీ పట్టవు. సొరంగం పనివాళ్ళకు ఒక ఆచారం ఉంది. ముందుగా రాయిని చీల్చినవాళ్ళు తమ దేవత బార్బరమ్మ బొమ్మను ఆ కంతలోంచి అవతలికి అందిస్తారు. అవతలివాళ్ళు, ఎవరైనా పోయినప్పుడు తీసినట్టే, ఇనప టోపీలు తీసి, తల వంచి అందుకోవాలి. ఫ్రాన్సు వైపు మేస్త్రీ లూసియన్ ముందు చచ్చినా టోపీ తియ్యనని బత్తిస్తా ఒట్టు పెట్టుకున్నాడు. ఎందుకంత కక్ష అని ఎవరూ అడగలేదు. యుద్ధం నాటిదే అనుకున్నారు.

రోజూ మధ్యాహ్నం కొలతలు చెప్పుకోవడానికి ఫోను పెట్టారు. పక్కన ఒక దుబాసీని కూర్చోబెట్టారు. మొదటి రోజు వాళ్ళ మాటలు విని ఆయన పేపరు తెరిచాడు. తిట్లకు దుబాసీ అక్కర్లేదన్నాడు.

"ఎంత తవ్వార్రా?" అనేవాడు లూసియన్.

"తొమ్మిది మీటర్లు."

"అంతేనా? మొక్కజొన్న సంకటి బలం ఏమైపోయింది?"

"నీ కప్పల కూర కంటే నయమేలే. నువ్వెంత?"

"ఎనిమిదిన్నర."

బత్తిస్తా ఆ పూట రెండు గిన్నెల సంకటి తిన్నాడు.

చివరి రోజు మంత్రులొచ్చారు. అటొక బ్యాండు, ఇటొక బ్యాండు. గోడ ఇంకో మీటరే ఉంది. అవతలి డ్రిల్లు చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఫోను మోగింది.

"నువ్వే ముందు రా. నేను టోపీ తీసేశాను," అన్నాడు లూసియన్.

"జాలిపడి ఇస్తావా? నాకక్కర్లేదు. నువ్వే తవ్వు."

"నేను తవ్వను."

"అయితే నేనూ తవ్వను."

గంటన్నర పాటు రెండు దేశాల పనీ నిలిచిపోయింది. సాంకేతిక కారణాలని ఇంజనీర్లు మంత్రులకు చెప్పారు. బ్యాండు వాళ్ళు ఉన్న ఒక్క పాటనూ ఆరుసార్లు వాయించారు.

ఆఖరికి బత్తిస్తానే ఫోనెత్తాడు. "మూడు లెక్కపెడతా. ఇద్దరం కలిసి కొడదాం."

రాయి విరిగింది. దుమ్ము అణిగేలోగా రెండు వైపుల నుంచీ ఇద్దరు బార్బరమ్మలు ఒకేసారి కంతలోకి దూరి ఇరుక్కుపోయారు. వాళ్ళను విడదీయబోయి మేస్త్రీలిద్దరూ ఎదురుబదురుగా వచ్చారు.

లూసియన్ మెల్లగా ఏదో అన్నాడు.

బత్తిస్తా ఇనప టోపీ తీశాడు. తల వంచాడు.

లూసియన్ కంత అంచు పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. కెమెరాలు మెరిశాయి. ఆనందం పట్టలేకపోయాడని మర్నాడు పత్రికలు రాశాయి. ఇటలీ తల వంచిన వేళ పాత పగలు కరిగిపోయాయని కూడా రాశాయి.

విందులో ఒక విలేకరి బత్తిస్తాను వదల్లేదు. "ఒట్టు పెట్టుకున్నారటగా! అంతలా మిమ్మల్ని కదిలించేట్టు ఆ ఫ్రెంచాయన ఏమన్నాడండీ?"

బత్తిస్తా చేతిలో టోపీని ఒకసారి తిప్పి చూసుకున్నాడు.

"'అమ్మ ఎలా ఉందన్నయ్యా?' అని అడిగాడు."